సెడోనాలో మూడో ఏడాది

అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలోని చిన్న ఊరు సెడోనా. సాయంత్రం ఎండ పడగానే ఇక్కడి కెథీడ్రల్ రాక్ అనే రాతికొండ నిప్పుకణికలా ఎర్రబడుతుంది. రాళ్లలోని ఇనుము తుప్పు రంగే అదంతా. మూడేళ్లుగా చూస్తున్నా తనివి తీరదు.

కానీ ఇక్కడ బతకడం వేరు. శని, ఆదివారాలు 179 రోడ్డు మీద కార్లు కదలవు. మా వీధిలో చాలా ఇళ్లు టూరిస్టులకు రోజువారీ అద్దెకే. పక్కింట్లో వారానికో కొత్త మొహం, ఒంట్లో బాగోకపోతే తలుపు తట్టడానికి మనిషి లేడు. కరివేపాకు కావాలంటే ఫీనిక్స్ వైపు రెండు గంటలు వెళ్లాలి.

నిన్న వాన పడింది. తడిసిన ఎర్రమట్టి వాసనకి మా అనంతపురం తొలకరి గుర్తొచ్చి చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను. రాత్రికి మబ్బు విడిపోయి పాలపుంత తేటగా కనిపించింది. అమ్మకి చూపిద్దామని వీడియో కాల్ చేశాను. "అంతా చీకటే కనిపిస్తోంది నాన్నా, నువ్వు తిన్నావా?" అంది.