లోతు చేసిన తప్పేంటమ్మా?

పిల్లల ఆదివారానికి మా పెద్దమ్మాయికి ఆదికాండం 13వ అధ్యాయం ఇచ్చారు. మందలు పెరిగి చోటు చాలక అబ్రాము, అతని సోదరుడి కొడుకు లోతు విడిపోయే భాగం. లోతు నీళ్లున్న యొర్దాను మైదానాన్ని, చెడ్డ ఊరని పేరుపడ్డ సొదొమ వైపుని ఎంచుకుంటాడు. తెలుగులో చదివి రెండు మాటలు చెప్పాలి. తను చెప్పనంది. చదవడం రాక కాదు. "లోతు చేసిన తప్పేంటమ్మా? గొర్రెలకి నీళ్లు కావాలి, నీళ్లున్న వైపు వెళ్లాడు. నువ్వూ నాన్నా కూడా అందుకే కదా అమెరికా వచ్చారు? అతను చెడ్డవాడని అందరి ముందు నేనెలా చెప్పను?" అంది.

అది వేరు, ఇది వేరు అన్నాను. ఎలా వేరో చెప్పమంది. నా దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి బైబిల్లో మైదానం ఎక్కడ కనబడినా అక్కడే ఆగిపోతున్నాను.

మా వైపు వాళ్లకి ఆ అధ్యాయానికి వ్యాఖ్యానం అక్కర్లేదు. మాది ప్రకాశం జిల్లా మెట్ట. వాన పడితే పంట, లేకపోతే లేదు. కోతల కాలంలో డెల్టాకి కూలికి వెళ్లి ధాన్యంతో తిరిగొచ్చిన కుటుంబాలు మావి. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకి పని చూపించాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్ల కోసం నడిచిన జనం మేము. మా విశ్వాసం కూడా ఒక కాలువ గట్టునే మొదలైంది.

అందుకే లోతు నిలబడిన చోటు నాకు కళ్లకు కట్టినట్టు ఉంటుంది. అతను నిలబడిన బేతేలు కొండసీమ సముద్రమట్టానికి 800 మీటర్లకు పైనే ఉంటుంది. యెరికో సముద్రమట్టానికి దాదాపు 250 మీటర్లు దిగువన ఉంది. రాళ్ల మధ్య నిలబడి, కిలోమీటరు కింద యొర్దాను పొడుగునా పరుచుకున్న పచ్చదనాన్ని చూశాడతను. మెట్ట రైతు మాగాణిని చూసినట్టే. యెహోవా తోటలా, ఐగుప్తులా ఉందని వాక్యమే చెబుతోంది. పైగా ముందు నువ్వే ఎంచుకో అన్నది అబ్రాము. లోతు దొంగిలించింది ఏమీ లేదు.

ఆ తర్వాతి అధ్యాయాల్లో మాత్రం అతని అడుగులు ఒక్కొక్కటే కనబడతాయి. 13లో గుడారం సొదొమ దాకా జరిగింది. 14 వచ్చేసరికి కాపురం సొదొమలోనే. 19లో ఊరి గవిని దగ్గర కూర్చుని ఉన్నాడు, అంటే ఊళ్లో పెద్దమనిషి అయ్యాడన్నమాట. పేతురు రెండో పత్రిక అతన్ని నీతిమంతుడనే అంటుంది, ఆ ఊరి పనులు చూసి అతని మనసు రోజూ నొచ్చుకునేదని కూడా చెబుతుంది. అదంతా నిజమే అయినా, ఊరు నాశనమైపోతుంది రండి అని అల్లుళ్లకి చెబితే వాళ్లకి అతను ఎగతాళి చేస్తున్నట్టు కనిపించాడు. నన్ను నిద్రపోనివ్వనిది ఈ ఒక్క వాక్యం. తండ్రి లోలోపల అంత బాధపడ్డాడు, ఆ బాధ ఇంట్లోవాళ్లకి ఎప్పుడూ మాటగా చేరలేదు. మేమున్న ఉత్తర టెక్సాస్ కూడా చదునే, ఎటు చూసినా ఆకాశం నేల మీదికి దిగినట్టుంటుంది. వచ్చినందుకు నాకు అపరాధ భావం లేదు. నా మాట కూడా పిల్లలకి ఒకరోజు అలా ఎగతాళిలా వినబడుతుందేమోనన్నదే నా టెన్షన్.

మన సండేస్కూళ్లలో కొండల గురించి చాలా చెబుతాం. మోరియా, సీనాయి, కర్మెలు, సీయోను. మైదానం వస్తే సొదొమ, బాబెలు, పారిపోండి, అంతే. మైదానం మీద పెరుగుతున్న పిల్లలకి ఇది చాలదు.

షీనారు మైదానం చూడండి. అక్కడ రాయి లేదు, కాబట్టి ఇటుకలు కాల్చారు, మట్టికీలుతో అతికించారు, పేరు కోసం బాబెలు గోపురం మొదలుపెట్టారు. ఆ షీనారే బబులోను దేశం. దానియేలు మొదటి అధ్యాయంలో చెరపట్టిన యూదా పిల్లల్ని తీసుకొచ్చింది అక్కడికే. కల్దీయుల భాష, విద్య మూడేళ్లు నేర్పించారు, పేర్లు మార్చారు. తర్వాత ఆ దేశంలోనే దూరా మైదానంలో నెబుకద్నెజరు రాజు అందరూ మొక్కాలని 60 మూరల బంగారు ప్రతిమ నిలబెట్టాడు. మైదానమే ఎందుకంటే అక్కడ ఎవరు మొక్కారో, ఎవరు మొక్కలేదో దూరం నుంచే తెలిసిపోతుంది. దాక్కోవడానికి చెట్టూ పుట్టా ఉండవు. ఆ యూదా పిల్లల్లో ముగ్గురు మొక్కకుండా నిలబడిపోయారు. మనం వాళ్లని షద్రకు, మేషాకు, అబేద్నెగో అనే బబులోను పేర్లతోనే గుర్తుపెట్టుకున్నాం. హనన్యా, మిషాయేలు, అజర్యా అంటే చాలామందికి వెంటనే తట్టదు. స్కూల్లో మా అమ్మాయి పేరు కుదించి పిలుస్తున్నారని ఎంతో నొచ్చుకున్నదాన్ని నేను. ఇప్పుడు ఆ అధ్యాయం చదువుతుంటే, మారిన పేర్లతో, నేర్చుకున్న భాషలో రాజుకి జవాబు చెప్పిన ఆ పిల్లలే నాకు ధైర్యం.

యెహెజ్కేలు ప్రవక్తని దేవుడు లేచి మైదానానికి వెళ్లమన్నది కూడా ఆ చెర దేశంలోనే. వెళ్తే, అంతకుముందు కెబారు నది దగ్గర చూసిన దేవుని మహిమే అక్కడ నిలిచి ఉంది. గోపురం, ప్రతిమ, మహిమ, మూడూ ఒకే దేశపు నేల మీద. నేలని నిందించడం నాకిక చేతకాదు. మొదటి రాజులు 20లో సిరియా రాజు సేవకులు, ఇశ్రాయేలు దేవతలు కొండదేవతలు, మైదానంలో అయితే మనమే గెలుస్తాం అంటారు. ఆ మాట అన్నందుకే వాళ్లు మైదానంలో ఓడిపోయారు. అమ్మ ఫోన్లో "అక్కడ దేవుణ్ణి మర్చిపోకండమ్మా" అన్నప్పుడల్లా నాకు ఈ అధ్యాయం గుర్తొస్తుంది. ఆయన మా ఊరి చర్చికి మాత్రమే దేవుడని అమ్మ అనుకోదు. కానీ పిల్లల విషయానికొచ్చేసరికి నేను అలాగే భయపడుతున్నాను.

ఆ భయానికి సంఖ్యాకాండంలో నేరుగా జవాబుంది. ఐగుప్తు నుంచి బయల్దేరిన ఇశ్రాయేలు పెద్దవాళ్లు ఎడారిలో మా పిల్లలు కొల్లపోతారని ఏడ్చారు. కొల్లపోతారని మీరన్న ఆ పిల్లల్నే నేను ఆ దేశం లోపలికి తీసుకెళ్తాను అన్నాడు దేవుడు. 26వ అధ్యాయంలో, యెరికోకి ఎదురుగా మోయాబు మైదానాల్లో జనాభా లెక్క తీస్తే, ముందటి లెక్కలో ఉన్నవాళ్లలో కాలేబు, యెహోషువ తప్ప ఎవరూ లేరు. మోషే ద్వితీయోపదేశకాండం చెప్పింది ఆ తరానికి. ఇంట్లో కూర్చున్నప్పుడూ దారిన నడిచేటప్పుడూ పిల్లలతో ఈ మాటలు మాట్లాడమన్నాడు. వీటి భావమేమిటని నీ కొడుకు అడిగినప్పుడు ఇలా చెప్పాలి అన్నాడు. పిల్లలు అడుగుతారని దేవుడికి ముందే తెలుసు. అందుకే ఇంట్లో ప్రశ్నని ఆపకండి అని మిగతా తల్లిదండ్రులకి నేను గట్టిగా చెప్పగలను.

ఇంతకుమించి గట్టిగా చెప్పగలిగింది నా దగ్గర లేదు. ఎందుకంటే అదే మోయాబు మైదానాల్లో, షిత్తీములో, ఆ పిల్లల తరమే బయల్పెయోరు అనే అన్యదేవతతో కలిసిపోయింది, 24,000 మంది చనిపోయారు. ఎదిగిన పిల్లలు ఎటు తిరుగుతారో ఏ లెక్కా చెప్పదు. యొర్దాను దాటాక యెరికో మైదానంలో పస్కా ఆచరించి, ఆ దేశపు పంటతో పొంగని రొట్టెలు, వేయించిన గింజలు తిన్నారు. మర్నాడు మన్నా, అంటే ఎడారిలో దేవుడు రోజూ కురిపించిన ఆహారం, ఆగిపోయింది. ఎడారిలో పుట్టిన పిల్లలకి ఇంటి తిండంటే అదే. అది ఆగితే వాళ్లు బెంగపడ్డారో లేదో ఎక్కడా రాసి లేదు. అదే యెరికో మైదానంలో చాలా తరాల తర్వాత యూదా రాజు సిద్కియా బబులోను సైన్యానికి పట్టుబడ్డాడు, ఆ తర్వాత రిబ్లాలో తన కొడుకుల చావు కళ్లారా చూశాడు. ఆ అధ్యాయం పిల్లలకి చదివి వినిపించడం నా వల్ల కావడం లేదు.

కుటుంబ ప్రార్థన తెలుగులోనే ఉండాలని మా ఇంట్లో పట్టుబట్టేది నేనే. ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చిన రోజు "త్వరగా కానివ్వండి" అని ఇంగ్లీషులో కానిచ్చేదీ నేనే. పట్టుబట్టినప్పుడు మోషే చెప్పినట్టు నేర్పుతున్నానా, లేక ఆగిపోవాల్సిన మన్నాని పిల్లల చేత ఏరిస్తున్నానా? మోషే మాట యొర్దానుకు ఇటు మైదానంలోది, మన్నా ఆగింది అటు మైదానంలో. మేము ఏ ఒడ్డున ఉన్నామో నాకు తేలడం లేదు. పెళ్లీడుకొచ్చిన పిల్లలున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ ఇంట్లో ఏ భాష నిలిచింది, ఏ విశ్వాసం నిలిచింది, రెండూ కలిసే నిలిచాయా అన్నది చెప్పండి. నిజంగా తెలుసుకోవాలని ఉంది.