గన్‌ఫౌండ్రీలో గాలిపెట్టె

తెనాలిలో రాత్రి రైలెక్కి తెల్లవారి నాంపల్లిలో దిగాం, నేనూ మా మేనమామా. ఆయన కంటి పరీక్ష సోమవారం, ఆదివారమంతా ఖాళీ. చార్మినార్ చూపిస్తానన్నాను. "అదెక్కడికి పోతుందిలే అల్లుడూ, ఇటలీ గంటలున్న చర్చి ఉందన్నావుగా, అక్కడికి పద" అన్నాడు. పద్యనాటకాలకు నలభై ఏళ్ళు లెగ్ హార్మోనియం వాయించిన మనిషి. చర్చి అంటే గోడంత ఎత్తున గొట్టాలతో పెద్ద ఆర్గన్ ఉంటుందని, చచ్చేలోగా దాన్ని ఒక్కసారి దగ్గరగా వినాలని ఆశ.

ఆటో అతను "ఏ చర్చి?" అన్నాడు. అబిడ్స్ చుట్టుపక్కల చర్చిలకు కొదవ లేదు మరి. గంటలున్న గోపురాలు రెండుండే సెయింట్ జోసెఫ్ కెథడ్రల్ అంటే తలూపాడు.

గన్‌ఫౌండ్రీ పేరు ఫిరంగుల వల్ల వచ్చింది. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ 1786లో ఇక్కడ ఫిరంగులు పోతపోయించాడు. జనం దాన్ని తోప్ కా సాంచా అన్నారు, అంటే ఫిరంగి మూస. చర్చి గంటలదీ ఫిరంగులదీ ఒకే వంశం, రెండూ రాగి, తగరం కలిపి పోసినవే. ఫిరంగికి పదింట ఒక వంతు తగరం చాలు. గంటకు దాదాపు అయిదో వంతు కావాలి. తగరం పెరిగితే లోహం పెళుసెక్కుతుంది కానీ మోత నిలబడుతుంది. ఆటోలో ఇదంతా చెబుతుంటే మామయ్య "మన కంచు తాళాలూ అంతేగా" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు.

మిలాన్ నుంచి వచ్చిన మిషనరీల్లో ఒకరైన ఫాదర్ టాల్యాబూయే 1869లో చాదర్‌ఘాట్ ప్రాంతంలో ఈ స్థలం కొన్నారు. మరుసటి ఏడు పునాది పడింది, 1875 క్రిస్మస్‌కు గుడి తెరిచారు. 1886లో హైదరాబాదు మేత్రాసనమైంది, అంటే బిషప్ ఏలికలోని ప్రాంతం; 1953లో ఆర్చిబిషప్ ఉండే అగ్రపీఠమైంది. ఇప్పుడు మనం ఫోటోలు తీసుకునే ముఖభాగం మాత్రం మొదట్లో లేదు. ఆ రెండు గోపురాలు 1891లో లేచాయి. ఇటలీలో పోతపోసిన అయిదు గంటలు 1892లో వచ్చాయి. అంత బరువును గోపురం మీదికి ఎక్కించడానికి ఎందరు తాళ్ళు లాగారో అనుకుంటూ మామయ్య మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూస్తూనే నిలబడ్డాడు.

లోపల తెలుగు పూజ మొదలైంది. గాయక బృందం పక్కన ఇరవై ఏళ్ళ కుర్రాడు ఎలక్ట్రానిక్ కీబోర్డు వాయిస్తున్నాడు. మామయ్య నా వైపు చూశాడు. పెళ్ళి భోజనంలో పాయసం లేదని తెలిసినవాడి చూపు.

"గొట్టాలేవి?"

బయటికి వచ్చాక చెబుతానన్నాను. మెట్ల మీద కూర్చుని నాకు తెలిసింది చెప్పాను. గొట్టాల ఆర్గన్‌లో స్వరం గొట్టం పొడవును బట్టి ఉంటుంది. కింది షడ్జమానికి ఎనిమిది అడుగుల గొట్టం కావాలంటే, ఇంకో స్థాయి కిందికి దిగాలంటే పదహారు అడుగులది కావాలి. పైగా గాలి వేడెక్కితే గొట్టం శ్రుతి పైకి పోతుంది. మన డిసెంబరు పొద్దున 15 డిగ్రీల దగ్గర కట్టిన శ్రుతి, మే నెల 42 డిగ్రీలకు ఇంచుమించు ఒక మెట్టు పైకి పోతుంది. గొట్టాలకు గాలినిచ్చే తిత్తుల తోలుకు వానాకాలం ఒక శత్రువు, చెదలు ఇంకొకటి.

అందుకే పడమటి దేశాల్లోనే చిన్న చర్చిల కోసం లోహపు నాలుకల వాయిద్యం, అంటే గాలికి అదిరే సన్నటి రేకులతో పలికేది, వెదికారు. నాలుక ఎంత పొడవుంటే అంతే స్వరం, గొట్టంతో పని లేదు. వేడికి శ్రుతి పెద్దగా చలించదు. అలాంటిదానికే 1842లో పారిస్‌లో దెబేన్ అనే ఆయన హార్మోనియం అన్న పేరుతో పేటెంటు తీసుకున్నాడు. అది కాళ్ళతో తొక్కేది. నేల మీద కూర్చుని వాయించే మనకోసం కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాని కాళ్ళు తీసేసి, తిత్తిని వెనక్కి తెచ్చి చేత్తో ఊదేలా చేశాడు. భజనగుళ్ళలోకి వచ్చింది ఆ పెట్టె. నాటకాలవాళ్ళు మాత్రం రెండు చేతులూ మెట్ల మీదే కావాలని కాలి పెట్టెనే ఉంచుకున్నారు.

"అంటే నేను నలభై ఏళ్ళు తొక్కింది చర్చి సామానా?" అన్నాడు మామయ్య, అరమోడ్పు కళ్ళతో. మా తాత దేవుడి గదిలో బొట్టు పెట్టి ఉంచిన పెట్టె అది. దాన్ని 1940లో ఆలిండియా రేడియో మన గమకాలు పలకదని వెలివేసి, 1971 దాకా లోపలికి రానివ్వలేదు. మామయ్యకు ఆ కోపం ఇంకా పోలేదు. ఆ నిషేధం ఎంత తప్పో గన్‌ఫౌండ్రీ మెట్ల మీద ఇంకోసారి విన్నాను. నా మట్టుకు నాకు రేడియో వాదనలో కొంత నిజముందనిపిస్తుంది. మెట్టుకూ మెట్టుకూ మధ్య స్వరం జారదు కదా. ఆ మాట ఆయన ముందు అనే ధైర్యం నాకెప్పుడూ లేదు.

కాథలిక్ చర్చి పెద్దల రెండో వాటికన్ మహాసభ 1963లో గొట్టాల ఆర్గన్‌కు పెద్దపీట వేస్తూనే, స్థానిక వాయిద్యాలకూ ప్రజల భాషలకూ తలుపు తీసింది. లాటిన్ పూజ తెలుగు పూజ అయింది అందుకే. ఆ కుర్రాడి కీబోర్డు కూడా ఆ తలుపులోంచే వచ్చిందని నేనన్నాను.

"అయితే ఒకసారి చూద్దాం" అని లేచాడు.

కుర్రాడు తీగలు చుట్టుకుంటున్నాడు. విషయం వినగానే మర్యాదగా కుర్చీ జరిపి, మీట నొక్కి, ఆర్గన్ స్వరం పెట్టి ఇచ్చాడు. మామయ్య కళ్ళజోడు సర్దుకుని మోహనలో ఒక పద్యం ఎత్తుగడ వాయించాడు. గుడంతా నిండే ఆ గొంతుకు తానే ఉలిక్కిపడ్డాడు. మళ్ళీ వాయించాడు, ఈసారి నిదానంగా. కుర్రాడు కిందికి చూసి నవ్వాపుకుంటూ నా చెవిలో అన్నాడు, "తాతగారు నేలను తొక్కుతున్నారండీ."

చూస్తే నిజమే. చెప్పులు విడిచిన రెండు పాదాలూ, ఒకటి లేస్తే ఒకటి దిగుతూ, లేని తిత్తికి గాలి కొడుతున్నాయి.