అనంతపురం ఆకాశంలో కరీనా నీహారిక

దిక్చక్రానికి ఇరవై డిగ్రీల లోపు ఉన్నవాటిని వదిలేయమని ఆకాశం ఫోటోలు తీసేవాళ్లు చాలామంది చెబుతారు. ఆ మాట వింటే, వాయువూ ధూళీ నిండిన పెద్ద మేఘమైన కరీనా నీహారిక మనకు ఎప్పటికీ దక్కదు. ఢిల్లీలో అది నేలను రాసుకుంటూ పోతుంది, లండన్‌లో ఉదయించనే ఉదయించదు. అనంతపురం జిల్లాలో మాత్రం దక్షిణాన దాదాపు 15 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. ఉత్తరాన ధ్రువ నక్షత్రం ఎత్తు కూడా ఇక్కడ ఇంచుమించు అంతే! ఆకాశం కదలికను అనుసరించి కెమెరాను తిప్పే ట్రాకర్‌ను ధ్రువానికి సరిచూసుకోవాలంటే ఉత్తరం, ఫోటోకు దక్షిణం, రెండు దిక్కులూ తెరిపిగా ఉండాలి.

కళ్యాణదుర్గం దగ్గర మా మామ చేను అలాంటిదే. పట్టణం వెలుగు తూర్పున ఉండిపోతుంది. ఏప్రిల్ మధ్యలో, చంద్రుడు లేని రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో అగస్త్య నక్షత్రం (కనోపస్) నైరుతిలో దిగిపోతుంటే, శిలువ ఆకారపు త్రిశంకు తారల గుంపు (సదరన్ క్రాస్) అప్పటికే లేచి ఉంటుంది. ఆ రెంటి మధ్య, త్రిశంకుకు దగ్గరగా ఉంటుంది మనకు కావలసినది.

మామ బోరు దగ్గరి బల్బు ఆర్పేసి వచ్చి, "ఏదిరా? తెల్లటి మసక తప్ప ఏమీ లేదే" అన్నాడు. నిజమే, అంత తక్కువ వెలుతురులో కంటికి రంగు తెలియదు. అక్కడి వేడి యువ తారల అతినీలలోహిత కాంతి హైడ్రోజన్ నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడుతుంది. అవి మళ్లీ జతకూడి కింది స్థాయిలకు దిగేటప్పుడు 656.3 నానోమీటర్ల ఎర్రటి కాంతి వెలువడుతుంది. మామూలు కెమెరాలోని ఫిల్టర్ ఆ ఎరుపులో చాలా భాగాన్ని ఆపేస్తుంది. అందుకే నా పాత కెమెరాలో దాన్ని తీయించేశాను.

ఇరవై డిగ్రీల నియమంతో నాకు పేచీ ఇక్కడే. 15 డిగ్రీల ఎత్తులో వెలుగు, నడినెత్తి మీదకంటే దాదాపు నాలుగు రెట్లు గాలిని దాటి రావాలి. దారిలో ఎక్కువగా చెదిరిపోయేది నీలం. ఎరుపు చాలావరకు నిలుస్తుంది. హైడ్రోజన్ నీహారికకు కావలసింది ఆ ఎరుపే కదా!

135 ఎంఎం లెన్సుతో నిమిషం చొప్పున తీసిన ఫోటోలను సిరిల్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒకదానిపై ఒకటి పేర్చాను. ఎండాకాలం రాత్రి సెన్సర్ వేడిగా ఉంటుంది కాబట్టి, ఆ వేడి వల్ల వచ్చే చుక్కలను తీసేయడానికి లెన్సుకు మూత పెట్టి తీసే డార్క్ ఫ్రేములు తప్పనిసరి. పేర్చిన చిత్రంలో ఆ నీహారికలోని ఈటా కరీనే తార స్పష్టంగా దొరికింది. 1843లో అది కొంతకాలం ఆకాశంలో సిరియస్ తర్వాత అంతటి ప్రకాశవంతమైన నక్షత్రమై వెలిగిందంటే ఎంత ఆశ్చర్యం!

వచ్చే ఫిబ్రవరిలో, అర్ధరాత్రి దాటాక, ఆక్సిజన్ వెలువరించే కాంతిని మాత్రమే వదిలే ఫిల్టర్‌తో తీస్తాను. ఆ నీలి ఆకుపచ్చ కాంతిని గాలి ఎక్కువగా మింగుతుంది, కానీ అప్పటికి సెన్సర్ చల్లగా ఉంటుంది.