హయత్‌నగర్ దగ్గర మొదలైన సెగ

మే నెల ఎండలో సూర్యాపేటకు బండి మీద వెళ్లడం ఇంట్లో ఎవరికీ నచ్చలేదు కానీ, మేనమామగారి గృహప్రవేశం చూసుకుని మిట్టమధ్యాహ్నం తిరిగి బయలుదేరినప్పుడు కూడా నాకు ఇంజన్ గురించి బెంగ కలగలేదు. నకిరేకల్, నార్కట్‌పల్లి, చిట్యాల మీదుగా 65వ నంబరు జాతీయ రహదారిపై బండి సాగినంతసేపు ఎదురుగాలే రేడియేటరును (ఇంజన్ వేడిని గాలిలోకి వదిలే రెక్కల పలకను) చల్లబరిచింది. టోల్ గేట్ల దగ్గర ద్విచక్ర వాహనాలకు రుసుము లేదు గనుక అక్కడా ఆగవలసిన పని పడలేదు.

ఇబ్బందంతా హైదరాబాద్ శివారులోని హయత్‌నగర్ రద్దీలో మొదలైంది. కూలెంటు (ఇంజన్ వేడిని రేడియేటరుకు మోసుకొచ్చే ద్రవం) ఉష్ణోగ్రత 100 డిగ్రీలు దాటగానే ఫ్యాను తిరిగి, రేడియేటరు వెనుక నుంచి సెగ నేరుగా నా మోకాళ్లకూ పిక్కలకూ కొట్టింది. పెట్రోలులోని శక్తిలో దాదాపు మూడో వంతు మాత్రమే పనిగా మారి, మిగిలినదంతా పొగగొట్టం నుంచీ కూలెంటు నుంచీ వేడిగానే బయటకు పోవాలి కాబట్టి, ఆ సెగ తగలడమంటే ఇంజన్ తన పని తాను సవ్యంగా చేసుకుంటున్నట్టే. 2020 ఏప్రిల్‌లో వాహనాల పొగను కట్టడి చేసే బీఎస్-6 ప్రమాణాలు వచ్చాక, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ త్వరగా వేడెక్కాలని చాలా బండ్లలో దాన్ని ఇంజన్‌కు దగ్గరగా అమర్చారు. గాలికి మేలు, కాళ్లకు ఉక్క.

“ఇంజన్ మీద రెండు చెంబుల నీళ్లు పోసి వెళ్లవోయ్” అని మా బావ బయలుదేరేటప్పుడే సలహా ఇచ్చాడు. కాగిన లోహం మీద చన్నీళ్లు పడితే పగుళ్లు రావచ్చు. అంతకన్నా ప్రమాదం, కంగారుపడి రేడియేటరు మూత తీయడం: ఆ మూత నిలిపే ఒత్తిడి వల్లనే కూలెంటు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది, తీసిన మరుక్షణం ముఖం మీదికి చిమ్ముతుంది.

నీళ్లు పోయవలసింది ఇంజన్‌కు కాదు, నడిపేవాడికి. గాలి ఒంటికన్నా వేడిగా ఉన్నప్పుడు జాకెట్ జిప్పు తీస్తే వడగాలి మరింత తగులుతుందే తప్ప హాయి ఉండదు. అందుకే చిట్యాల దగ్గర ఆగి, జాలీ జాకెట్ లోపలి నూలు బనియన్‌ను తడుపుకున్నాను. అది ఆరిపోయేవరకు నిజంగానే చల్లగా ఉంది.

చిన్న సిగ్నళ్ల దగ్గర ఇంజన్ ఆపలేదు. ఆపితే కూలెంటును తిప్పే నీటి పంపు కూడా ఆగి, లోపలి వేడి కాసేపు పెరుగుతుంది. రేపు ఉదయం బండి చల్లగా ఉండగా కూలెంటు మట్టం చూసి, రేడియేటరు రెక్కల్లో ఇరుక్కున్న పురుగులను మెత్తని బ్రష్షుతో తీయాలి.