అడ్మిట్ వచ్చాక ఒకసారి వెళ్లి చూసి రావాలా?

పోయిన వారం మా జూనియర్ అమ్మాయి ఫోన్ చేసింది. అమెరికాలోనే మాస్టర్స్ చేస్తోంది, రెండు చోట్ల పీహెచ్‌డీ అడ్మిట్లు, అంటే సీటు ఇస్తామనే లెటర్లు, వచ్చాయట, రెండు డిపార్ట్‌మెంట్లూ ఖర్చు మేమే పెట్టుకుంటాం, ఒకసారి వచ్చి చూసి వెళ్లండని మెయిల్ పెట్టాయట. "అక్కా, ఏది ఎంచుకోవాలో మనసులో దాదాపు అనేసుకున్నాను, మళ్లీ అంత దూరం వెళ్లడం అవసరమా? ఇక్కడ మిడ్‌టర్మ్స్ టెన్షన్ కూడా ఉంది" అంది. వెళ్లమని అప్పుడే చెప్పేశాను. ఎందుకో మాత్రం ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే ఇది రాస్తున్నాను.

నేనూ అప్పట్లో అచ్చం అలాగే అనుకున్నాను. ప్రొఫెసర్ పేపర్లు చదివాను, స్టైపెండ్ ఎంతో లెటర్‌లో రాసి ఉంది, ఇంక వెళ్లి చూసేది ఏముంది, బిల్డింగులేగా అనుకున్నాను. నాకూ రెండు స్కూళ్ల నుంచి వచ్చాయి (అక్కడ యూనివర్సిటీని స్కూల్ అనే అంటారు). మొదటి స్కూల్ పేరున్నది, దానికే ఫిక్స్ అయిపోయాను కూడా. రెండోదానికి వెళ్లింది టికెట్ వాళ్లే బుక్ చేశారు కాబట్టి, డేట్లు కుదిరాయి కాబట్టి, అంతే.

అక్కడ నాలుగో ఏడాది చదువుతున్న ఒకావిడ పక్కన కూర్చోబెట్టారు నన్ను. ఏం అడగాలో తోచక, మీరు థీసిస్ డ్రాఫ్ట్ పంపిస్తే మీ అడ్వైజర్, అంటే మీ గైడ్ ప్రొఫెసర్, ఎన్నాళ్లకి చూసి పంపుతారు అని అడిగాను. ఆవిడ సమాధానం చెప్పకుండా లాప్‌టాప్ తెరిచి ఫైల్ చూపించింది. సోమవారం రాత్రి పంపిన చాప్టర్, గురువారం పొద్దునకల్లా మార్జిన్ నిండా కామెంట్లు, ప్రతి కామెంట్ పక్కన తేదీ, టైమ్. ఒకచోట "నిన్న కారిడార్‌లో నాకు నోటితో చెప్పావే, అదే ఇక్కడ రాయి" అని ఉంది. ఆ ఒక్క లైన్ చూసి నాకు అర్థమైపోయింది, ఆవిడ నోటితో చెప్పే మాటల్ని ఆ డిపార్ట్‌మెంట్‌లో ఒక మనిషి శ్రద్ధగా వింటున్నాడు, విని గుర్తుపెట్టుకుంటున్నాడు.

తర్వాతి వారం పేరున్న స్కూల్‌కి వెళ్లి అదే ప్రశ్న ముగ్గురు స్టూడెంట్లని అడిగాను. ఒకతను తలుపు వైపు చూశాడు. ఇంకొకామె ఆయన చాలా బిజీ అంది, మూడో అతను ఊరి గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. సాయంత్రం బస్‌స్టాప్ దాకా నాతో నడుచుకుంటూ వచ్చినామె, మిగతావాళ్లు దూరమయ్యాక, నెమ్మదిగా "నా డ్రాఫ్ట్ ఆయన దగ్గరికి వెళ్లి ఐదు నెలలైంది" అంది. ఏ వెబ్‌సైట్‌లోనూ ఇది దొరికేది కాదు, మెయిల్‌లో ఆమె ఈ మాట రాసేది కూడా కాదు. నేను రెండో స్కూల్‌లో చేరాను.

అందుకే ఆ అమ్మాయికి వెళ్లమన్నాను. పీహెచ్‌డీ అంటే ఐదారేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, అందులో ఎక్కువ భాగం ఒకే మనిషి చేతుల్లో ఉంటుంది. ఆ మనిషి స్టూడెంట్లు ఆయన గదిలో లేనప్పుడు ఎలా మాట్లాడతారో వినడానికి రెండు రోజులు పెట్టడం ఎక్కువేం కాదు.

అయితే అక్కడ కనిపించేదంతా నమ్మొద్దు. ఆ రెండు రోజులూ వాళ్లు మనల్ని ఒప్పించాలని చూస్తుంటారు, భోజనాలకి తీసుకెళ్తారు, అందరూ నవ్వుతూ ఉంటారు, ఆ రోజు ఎండ బాగా కాస్తే ఊరు కూడా నచ్చేస్తుంది. ఆ హుషారులో అక్కడికక్కడే మాటివ్వకండి. ఏ రోజుది ఆ రాత్రే రాసిపెట్టుకోండి, ఎవరు ఏమన్నారో, ఏ ప్రశ్నకి ఎవరు ఆగిపోయారో. రెండు వారాలయ్యాక మనకి గుర్తుండేది ఎండ మాత్రమే.

ఆఫర్‌కి జవాబు చెప్పాల్సిన గడువు గురించి ఆ అమ్మాయి చాలా భయపడుతోంది. కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ అని అక్కడి యూనివర్సిటీల సంఘం ఒకటుంది, వాళ్ల తీర్మానం ఒకటి ఉంది, దానికి ఒప్పుకున్న స్కూళ్లు ఫెలోషిప్, అసిస్టెంట్‌షిప్ లాంటి ఆర్థిక సాయంతో ఆఫర్ ఇస్తే ఏప్రిల్ 15 కంటే ముందే జవాబు చెప్పి తీరాలని స్టూడెంట్‌ని బలవంతపెట్టకూడదు. మీ స్కూల్ ఆ జాబితాలో ఉందో లేదో చూసుకోండి, లేకపోతే లెటర్‌లో ఉన్న తేదీయే లెక్క. విజిట్లు ఎక్కువగా ఫిబ్రవరి, మార్చిల్లోనే పెడతారు కాబట్టి చూసొచ్చి ఆలోచించుకునే టైమ్ ఉంటుంది.

డబ్బు సంగతి. కొన్ని డిపార్ట్‌మెంట్లు టికెట్ వాళ్లే కొంటాయి, కొన్ని మనల్ని కొనుక్కోమని తర్వాత తిరిగిస్తాయి, ఆ తర్వాత అనేది వారాలు పట్టొచ్చు, ఈలోపు క్రెడిట్ కార్డ్ బిల్లు వచ్చేస్తుంది. నేరుగా మీరే బుక్ చేస్తారా అని ఆఫీసులో అడగండి, మొహమాటపడొద్దు, వాళ్లకిది మామూలే. రసీదులు ఒక్కటీ పారేయకండి. మాస్టర్స్‌కి మాత్రం చాలావరకు మన డబ్బుతోనే వెళ్లాలి. ఒకటి రెండేళ్ల కోర్సుకి సొంత ఖర్చుతో తిరగడం కన్నా అక్కడ చదివేవాళ్లతో నాలుగు ఫోన్ కాల్స్ మాట్లాడటం మేలని నా అభిప్రాయం.

ఇండియా నుంచి అప్లై చేసినవాళ్లకి ఈ విజిట్ అసలు కుదరకపోవచ్చు, రెండు రోజుల కోసం విజిటర్ వీసా తెచ్చుకోవడం చిన్న పనేం కాదు. దానికి బాధపడకండి. 2020 మార్చిలో కోవిడ్ వచ్చాక ఎన్నో డిపార్ట్‌మెంట్లు విజిట్లని వీడియో కాల్స్‌లోకి మార్చేశాయి, ఆ ఏడాది చాలామంది అలాగే నిర్ణయించుకున్నారు. అందరూ ఉండే గ్రూప్ కాల్‌తో మాత్రం సరిపెట్టుకోకండి, అక్కడ ఎవరూ నోరు విప్పరు. ఒక్కొక్కరితో విడిగా మాట్లాడండి. కొత్తగా చేరినవాళ్లు ఒకరు, పూర్తి చేయబోతున్నవాళ్లు ఒకరు, వీలైతే మధ్యలో అడ్వైజర్‌ని మార్చుకున్నవాళ్లు ఒకరు. ఈ మూడోవాళ్లు చెప్పేది బంగారం.

స్టైపెండ్ తొమ్మిది నెలలకా పన్నెండు నెలలకా, సమ్మర్‌లో ఎవరిస్తారు, ట్యూషన్ ఫీజు మాఫీ చేశాక కూడా కట్టాల్సిన వేరే ఫీజులు ఏమైనా మిగులుతాయా, ఇవన్నీ మెయిల్‌లో అడిగి రాతపూర్వకంగా తెప్పించుకోండి, విజిట్ టైమ్ వీటికి వృథా చేయొద్దు. ప్రొఫెసర్‌ని మాత్రం ఎదురుగా కూర్చుని అడగాల్సింది ఒకటుంది, వచ్చే రెండేళ్లలో సబ్బాటికల్ (ప్రొఫెసర్లు పాఠాలకి దూరంగా తీసుకునే పెద్ద సెలవు) మీద గానీ వేరే యూనివర్సిటీకి గానీ వెళ్లే ఆలోచన ఉందా అని. అడగొచ్చు, తప్పేం లేదు. జవాబుతో పాటు మొహం కూడా కనిపిస్తుంది.

నిన్న రాత్రి ఆ అమ్మాయి మెసేజ్ పెట్టింది. మార్చిలో రెండు చోట్లకీ వెళ్తోందట, ఏమేం అడగాలో లిస్ట్ పంపమంది. ముందు ఇది అడుగు అని ఒక్కటే పంపాను: చివరిసారి డ్రాఫ్ట్ ఎప్పుడు పంపారు, ఎప్పుడు తిరిగొచ్చింది?