అటక మీది పాత హార్డ్ డిస్కులతో ఫొటోల బ్యాకప్ – నా అనుభవం

మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబర్ 1 ఆదివారం బుడమేరు నీళ్లు వచ్చినప్పుడు మా కింద పోర్షన్‌లో నడుం లోతు నిలబడ్డాయి. బియ్యం, సిలిండర్, సర్టిఫికెట్ల ఫైలు, అమ్మ మందులు అన్నీ డాబా మీదకి మోశాం గానీ టేబుల్ కింద సీపీయూ ఒకటుందని ఎవ్వరికీ గుర్తు రాలేదు. మా పెద్దోడి అన్నప్రాసన దగ్గర్నించి ఫొటోలన్నీ దాంట్లోనే ఉన్నాయి, నాన్న చివరి రోజుల్లో పక్కన కూర్చుని రికార్డ్ చేసుకున్న ఆయన మాటలు కూడా దాంట్లోనే.

నీళ్లు తీశాక డిస్క్ విప్పి వారం ఎండలో పెట్టా, ఆరిపోయింది కదా అని కనెక్ట్ చేస్తే టక్ టక్ టక్ మని కొట్టుకుని ఆగిపోయింది. అలా చెయ్యకూడదంట. మామూలు డిస్కులకి గాలి ఆడ్డానికి చిన్న కన్నం ఉంటుంది, వరద నీళ్లు దాంట్లోంచి లోపలికి పోతాయి, ఆరబెడితే బురద ప్లేటు మీదే అట్టకట్టేస్తుంది, అందుకని కరెంట్ పెట్టకుండా తడి మీదే రికవరీ వాళ్లకి ఇచ్చెయ్యాలి. నేనిచ్చేసరికే ఆలస్యమైంది, నెల రోజులు ఉంచుకుని ఇక రాదండీ అనేశారు. ఆ రోజు ఇంట్లో ఎవరం సరిగ్గా అన్నం తినలేదు.

దసరాకి ముందు అటక దులుపుతుంటే స్క్రీన్ పోయిందని 2017లో పక్కన పడేసిన లాప్‌టాప్ కనపడింది. వెనక స్క్రూలు విప్పితే 500 జీబీ డిస్క్, అరచేతిలో పట్టేంత. గవర్నర్‌పేట వెళ్లి యూఎస్‌బీ కేసింగ్ (విడి డిస్కుని యూఎస్‌బీకి తగిలించే డబ్బా) ఒకటి తెచ్చి, డిస్క్ దాంట్లోకి తోసి మా తమ్ముడి లాప్‌టాప్‌కి పెట్టా. ఒక్క నిమిషంలో ఫోల్డర్లు వచ్చేశాయి, 2013 నుంచి 2017 దాకా! మొదటి ఫొటోనే ప్రకాశం బ్యారేజీ మీద నాన్న మా వాణ్ని భుజాన ఎక్కించుకున్నది. అమ్మని పిలిచా, ఆవిడ అలా చూస్తూ నిలబడిపోయింది.

మిగతావి అందరి ఫోన్లలోంచీ పోగేశా. వాట్సాప్‌లో వచ్చినవి సైజు తగ్గిపోయి ఉంటాయి, అయినా అవే దిక్కు. నాన్న రికార్డింగులు మాత్రం దొరకలేదు, అక్క ఫోన్లో ఆయన పంపిన 40 సెకన్ల వాయిస్ మెసేజ్ ఒక్కటి మిగిలింది. మొత్తం కలిపి 180 జీబీ తేలింది.

ఒక్క డిస్కులో ఉంటే మళ్లీ అదే కథ కదా, అందుకని గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా బావగారిని అడిగితే పాత డెస్క్‌టాప్‌ల్లోవి 2 ఇచ్చారు. వాటిని కేసింగ్ కేబుల్‌కే తగిలిస్తే అసలు తిరగలేదు, పోయాయేమో అనుకున్నా. పోలేదు, లాప్‌టాప్ డిస్కుకి యూఎస్‌బీ ఇచ్చే 5 వోల్టులు చాలు, డెస్క్‌టాప్‌వాటికి 12 వోల్టులు కూడా కావాలి. కరెంట్ అడాప్టర్‌తో వచ్చే డాక్, అంటే డిస్క్ గుచ్చే స్టాండ్ లాంటిది, కొన్నాక రెండూ లేచాయి.

వాడే ముందు డిస్క్ ఆరోగ్యం ఎలా ఉందో చెప్పే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ పెట్టి చూశా. 500 జీబీదీ, 1 టీబీదీ నీలం రంగులో గుడ్ అని చూపించాయి, మూడోది పసుపు, పెండింగ్ సెక్టార్లు, అంటే డిస్క్ సరిగ్గా చదవలేకపోతున్న చోట్లు, 24. బావగారేమో "పనిచేస్తోందిగా, దేనికోదానికి వాడుకో" అన్నారు. "వద్దు బావగారూ, ఇది ఎప్పుడు పోతుందో తెలీదు" అని పక్కన పెట్టేశా. పాత డిస్క్ ఎలాగూ పాతదే, కనీసం అది బాగుందని చూసుకోకుండా పిల్లల ఫొటోలు ఎలా పెడతాం.

1 టీబీదాన్ని క్విక్ ఫార్మాట్ కాకుండా ఫుల్ ఫార్మాట్ చేశా, ఎక్కడైనా చెడిపోయి ఉంటే అప్పుడే బయటపడుతుందని, దగ్గర దగ్గర 3 గంటలు పట్టింది. ఫార్మాట్ రకం ఎఫ్ఏటీ 32 పెడితే 4 జీబీ దాటిన వీడియో ఎక్కదు, అందుకే ఎన్‌టీఎఫ్‌ఎస్ పెట్టా. కాపీకి ఫ్రీ ఫైల్ సింక్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నా. ఇక్కడ చాలా జాగ్రత్త అండీ, మిర్రర్ (కాపీని అచ్చం అసలులాగే చేసేది) పెట్టినప్పుడు ఏ పక్కది అసలు, ఏ పక్కది కాపీ అన్నది తారుమారైతే కొత్త ఫొటోలన్నీ తుడిచేస్తుంది, నేను ఇప్పటికీ కంపేర్ కొట్టి, డిలీట్ లిస్ట్ మొత్తం చదివాకే సింక్ నొక్కుతా.

ఇప్పుడు ఒక డిస్క్ మా ఇంట్లో పై పోర్షన్ బీరువాలో, ఇంకోటి గుంటూరులో అక్క వాళ్లింట్లో. నెలకోసారి బస్టాండ్‌లో గుంటూరు నాన్‌స్టాప్ ఎక్కి, తువ్వాల్లో చుట్టిన డిస్క్ ఒళ్లో పెట్టుకుని వెళ్తా, అక్కడిది తెచ్చుకుని కొత్త ఫొటోలు ఎక్కిస్తా, ఊరికే నాలుగైదు ఫైళ్లు తెరిచి చూస్తా. మొన్న తెచ్చింది 500 జీబీది. నాన్న మెసేజ్ తెరిచి విన్నా, బాగానే ఉంది.