మెయిన్స్ తర్వాత మళ్లీ ఖాతా తెరిచేటప్పుడు

సోషల్ మీడియా ఖాతా మూసేయడం గురించి పోటీ పరీక్షలు రాసే మన అభ్యర్థుల్లో బోలెడంత చర్చ జరుగుతుంది. ఎవరు ఎప్పుడు డీయాక్టివేట్ చేశారో, ఎవరు స్మార్ట్‌ఫోన్ ఇంట్లో పెట్టేసి కీప్యాడ్ ఫోనుతో గదికి వచ్చారో రీడింగ్ రూముల్లో కథలు కథలుగా చెప్పుకుంటారు. పరీక్ష అయ్యాక ఆ ఖాతాలోకి ఎలా తిరిగి వెళ్లాలన్న మాట మాత్రం నేను ఎవరి నోటా వినలేదు. ఆంధ్రప్రదేశ్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ (ఏపీపీఎస్సీ) గ్రూప్-2 ఉద్యోగాల మెయిన్స్, అంటే రెండో దశ రాతపరీక్ష, రాసి, ఫలితం కోసం ఆగకుండా తర్వాతి నోటిఫికేషన్‌కు చదువు కొనసాగించిన అనుభవంతో చెబుతున్నాను: విరామంలో సంపాదించుకున్న ఏకాగ్రత నిలుస్తుందా, చేజారుతుందా అన్నది తిరిగి లాగిన్ అయిన మొదటి వారంలోనే తేలిపోతుంది.

మా బ్యాచ్ పరిస్థితి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2023 డిసెంబరులో నోటిఫికేషన్ వచ్చింది, 2024 ఫిబ్రవరి 25న ప్రిలిమ్స్ (తొలి వడపోత పరీక్ష) జరిగింది. మెయిన్స్‌కు మొదట 2024 జూలై 28 అన్నారు, తర్వాత 2025 జనవరి 5 అన్నారు, చివరికి ఫిబ్రవరి 23న పరీక్ష జరిగింది. కావలి నుంచి నెల్లూరు వచ్చి మాగుంట లేఅవుట్ వైపు హాస్టల్లో గది తీసుకుని చదువుతున్న నాకు ఆ ఏడాదిలో ఎక్కువ సమయం తినేసింది సినిమా రీల్స్ కాదు. చదువులాగే కనిపించే వ్యవహారమే తినేసింది. వాయిదా పడుతుందా లేదా అన్న పోల్స్, ‘ఈ పీడీఎఫ్ ఒక్కటి చాలు’ అనే పోస్టులు, ఎవరు ఎన్ని గంటలు చదివారో చూపించే టైమర్ ఫొటోలు, వాటి కింద వందల కామెంట్లు. రీల్ చూస్తే సమయం వృథా చేశామన్న బాధైనా కలుగుతుంది, వీటిని చూస్తే అదీ కలగదు, పైగా ఏదో చదివిన తృప్తితో నిద్ర పడుతుంది. అందుకే రెండో వాయిదా తర్వాత ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ రెండూ డీయాక్టివేట్ చేసి, టెలిగ్రామ్ యాప్ తీసేశాను.

ఆ నిర్ణయం విలువ తెలిసింది ఫిబ్రవరి 22న. రోస్టర్ (ఏ పోస్టు ఏ రిజర్వేషన్ వర్గానికి వెళ్తుందో చెప్పే వరుస) వివాదం నేపథ్యంలో పరీక్ష వాయిదా వేయమని ప్రభుత్వం కమిషన్‌కు లేఖ రాసిందన్న వార్త, దానితోపాటు వాయిదా పడిపోయిందన్న పుకారు కలగలిసి తిరిగిన రోజది. ఖాతా లేనంత మాత్రాన ఆ గాలి నాకు తగలలేదని చెప్పను, హాస్టల్లో పక్క మంచాల మీద ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. అయితే నేను చూడవలసిన చోటు ఒక్కటే మిగిలింది, అది కమిషన్ వెబ్‌సైటు. పరీక్ష యథాతథంగా జరుగుతుందని తేలాక పుస్తకం ముందు కూర్చోగలిగాను. పక్క గది అమ్మాయి రాత్రి పదకొండు దాటినా ఒక ఛానెల్ తర్వాత మరో ఛానెల్ తెరుస్తూ, ప్రతిదానిలో అదే వార్తను వేరే మాటల్లో చదువుతూ ఉండిపోయింది.

ఇక తిరిగి రావడం సంగతి. ముందుగా, మీరు ఖాతాను ఏ స్థితిలో వదిలారో సరిగ్గా తెలుసుకోండి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలను డీయాక్టివేట్ చేస్తే అవి మీరు లాగిన్ అయ్యేవరకు అలాగే దాగి ఉంటాయి. ‘డిలీట్’ నొక్కితే మనసు మార్చుకోవడానికి 30 రోజులే గడువు. ఎక్స్‌లో డీయాక్టివేట్ చేసినా 30 రోజుల్లోపు తిరిగి రాకపోతే ఖాతా శాశ్వతంగా పోతుంది, ఆవేశంలో మూసేవారు ఈ తేడా గమనించాలి. ఇంకొక సంగతి: ఏదైనా మాక్ టెస్ట్ యాప్‌లోకి ఫేస్‌బుక్ ఖాతాతో ప్రవేశించే అలవాటు ఉంటే, విరామం మధ్యలో ఆ యాప్ తెరిచినా ఫేస్‌బుక్ ఖాతా తిరిగి తెరుచుకుంటుంది. కాబట్టి టెస్ట్ యాప్‌లకు ఈమెయిల్‌తోనో ఫోను నంబరుతోనో లాగిన్ పెట్టుకోవడం మేలు. ఆ నంబరు విషయంలోనూ జాగ్రత్త అవసరం. రీఛార్జ్ ఖర్చు మిగులుతుందని పాత సిమ్ వదిలేస్తే, నంబరు డిస్‌కనెక్ట్ అయిన 90 రోజుల తర్వాత అది మరొకరికి కేటాయించే వీలుంది. అప్పుడు మీ ఖాతా ఓటీపీలు వారి ఫోనుకు వెళ్తాయి.

నేను ఇన్‌స్టాగ్రామ్ తెరిచినప్పుడు ముందుగా కనిపించింది మా బంధువుల పెళ్లి ఫొటో, దాని కిందనే ‘మెయిన్స్ సేఫ్ స్కోరు ఎంత?’ అన్న పోల్. నేను దూరంగా ఉన్న నెలల్లో ఆ యాప్ నా గురించిన అభిప్రాయం ఏమీ మార్చుకోలేదన్న మాట. నా పాత అలవాట్లను బట్టి సిద్ధం చేసిన విస్తరే మళ్లీ నా ముందు పరిచింది. అందుకని ఒక్క పోస్టు కూడా చదవకముందే సెట్టింగ్స్‌లోకి వెళ్లి, సిఫారసులను రీసెట్ చేసే సదుపాయం వాడాను. ఆ తర్వాత ప్రిపరేషన్ పేజీలన్నిటినీ అన్‌ఫాలో చేశాను. స్నేహితులను ఉంచి, చదువు పేజీలను తీసేయడం మీకు తలకిందులుగా తోచవచ్చు. నా లెక్కలో మాత్రం స్నేహితుల పెళ్లి ఫొటోకు నా సమయం అర నిమిషం ఖర్చు, కటాఫ్ చర్చకు ఒక సాయంత్రం. యూట్యూబ్‌లో పాఠాలు వినేవారు వాచ్ హిస్టరీని చెరిపి ఆపేస్తే హోమ్ పేజీ దాదాపు ఖాళీ అవుతుంది, కావలసిన పాఠాన్ని వెతుక్కుని వినడం తప్ప మరో దారి ఉండదు. వాట్సాప్ గ్రూపులను ఆర్కైవ్‌లో పెడితే కొత్త మెసేజీలు వచ్చినా అవి పైకి రావు.

‘సోషల్ మీడియా లేకపోతే కరెంట్ అఫైర్స్ ఎలా?’ అని అడిగేవారికి పరీక్ష విధానమే జవాబు చెబుతుంది. మా ప్రిలిమ్స్‌లో 150 మార్కులకు కరెంట్ అఫైర్స్ వాటా 30. మెయిన్స్ రెండు పేపర్లలో చరిత్ర, రాజ్యాంగం, ఆర్థిక వ్యవస్థ, సైన్స్ అండ్ టెక్నాలజీ ఉంటాయి. దినపత్రిక, ప్రభుత్వ పత్రికా ప్రకటనలు శ్రద్ధగా చదివేవారికి ఆ 30 మార్కులకు ఫీడ్ అవసరం లేదు. తప్పు జవాబుకు మూడో వంతు మార్కు పోయే పరీక్షలో, సగం తెలిసిన విషయం అసలు తెలియని విషయం కన్నా ప్రమాదకరం. తిరిగి వచ్చిన తొలి రోజుల్లో నాకు ఫీడ్‌లో ఎదురైన ఒక కరెంట్ అఫైర్స్ తరహా సమాచార కార్డు చూడండి. దూబగుంట మహిళల సారా వ్యతిరేక ఉద్యమ ఫలితంగా 1993లో రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చిందని అందులో అందంగా రాసి ఉంది. 1993 అక్టోబరు 1న అమలైంది సారా నిషేధం. ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1995 జనవరిలో అమలులోకి వచ్చింది. దూబగుంట మా నెల్లూరు జిల్లాలోనిదే కాబట్టి నాకు వెంటనే తట్టింది. వేరే జిల్లా విషయమైతే నేనూ దాన్ని స్క్రీన్‌షాట్ తీసుకునేదాన్నేమో.

టెలిగ్రామ్‌ను నేను చివర తెరిచాను, చాలా ఛానెళ్లలోంచి బయటికి వచ్చేశాను. డబ్బు కడితే ప్రశ్నపత్రం ఇస్తామనే ఛానెళ్ల గురించి మళ్లీ చెప్పక్కర్లేదు, కానీ ఎస్‌ఎస్‌సీ, రైల్వే, బ్యాంకు పరీక్షలూ రాసేవారు 2024 జూన్ నుంచి అమలులో ఉన్న, పరీక్షల్లో అక్రమాలను అరికట్టే కేంద్ర చట్టాన్ని గుర్తుంచుకోవాలి. అక్రమాలకు మూడు నుంచి ఐదేళ్ల జైలు, వ్యవస్థీకృత నేరమైతే ఐదు నుంచి పదేళ్లు ఉంటుంది. అటువంటి ఛానెల్లో కుతూహలం కొద్దీ ఉండటం కూడా అనవసరం.

మెసేజీల పెట్టె తెరవడం అన్నిటికన్నా కష్టమైంది. ‘ఏమ్మా, మా మీద అలిగినావా, ఫొటోకి ఒక మాటన్నా పెట్టలే’ అని కందుకూరు పిన్ని ఎప్పుడో పంపిన మెసేజ్ అందులో ఉంది. అన్నిటికీ అక్కడే వరుసగా జవాబులు రాస్తూ కూర్చుంటే రోజు గడిచిపోతుందని, దగ్గరివాళ్ల పేర్లు కాగితం మీద రాసుకుని వారికి ఫోన్ చేశాను. పిన్ని అరగంట మాట్లాడింది, సగం నా పెళ్లి గురించే. మిగతావారికి ‘పరీక్ష కోసం ఖాతా మూసి ఉంచాను, ఇప్పుడు కూడా రోజూ చూడటం లేదు, అవసరమైతే ఫోన్ చేయండి’ అని ఒకే పోస్టు పెట్టాను. ఆ మాట బయటికి చెప్పడం వల్ల, మెసేజ్ చూసి వెంటనే జవాబు ఇవ్వాలన్న మొహమాటం తగ్గింది.

ఇప్పుడు ఫోనులో ఆ యాప్‌లు లేవు. ఆదివారం మాక్ టెస్ట్ రాసి, తప్పులు సరిచూసుకున్నాక, ల్యాప్‌టాప్ బ్రౌజర్లో లాగిన్ అయి, చూడవలసింది చూసి లాగౌట్ చేస్తాను. పాస్‌వర్డ్ బ్రౌజర్లో సేవ్ చేయలేదు, ప్రతిసారీ టైపు చేయవలసి వస్తుంది. కొన్ని ఆదివారాలు ఆ బద్ధకానికే తెరవకుండా వదిలేస్తున్నాను.